పగిలింది బండివాడికి

పేరిందేవి మొదటి విడత గుడ్లు గుట్ట దిగే మలుపులో పగిలిపోయాయి. బండి తోలిన కోతికి పాటలు వచ్చు, తోలడం రాదు. బండికి రంగులున్నాయి, కడశీల లేదు. జరిగింది ఇంతే. దీనికి గ్రహాలనీ, దిష్టినీ, ఎదురొచ్చిన పిల్లినీ తప్పుపట్టినవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, ఆ పిల్లి ఆ రోజు ఇల్లు కదల్లేదు.

నక్క తోక తొక్కితే అదృష్టం అంటారు. నక్క బండి ఎక్కితే ఏమవుతుందో పెద్దవాళ్లెవరూ చెప్పిపోలేదు. అందుకని పేరిందేవి స్వయంగా తెలుసుకోవలసి వచ్చింది.

పేరిందేవి బాతు. గుట్టకి ఇటువైపు మడుగువాడలో ఉంటుంది. బాతులకి గుడ్లు పెట్టడం బాగా వచ్చు, పొదగడానికే ఓపిక చాలదు. కాసేపు కూర్చునేసరికి నీళ్లు గుర్తొస్తాయి. అందుకని ఏటా తట్టల్లో గడ్డి పరిచి, గుట్టకి అటువైపు మెట్టవాడలో ఉన్న కోడిపెట్టలకి గుడ్లు పంపిస్తాయి. పేరిందేవి గుడ్లు పొదిగేది నరసమ్మ అనే పెట్ట. నరసమ్మ రెక్కల కింద పుట్టిన బాతుపిల్లలు చుట్టుపక్కల నీళ్లున్న ప్రతిచోటా ఈదుతున్నాయి. నరసమ్మకి మాత్రం ఈత రాదు. పెంచిన పిల్లలు మొదటిసారి నీళ్లలో దిగిన ప్రతి ఏడూ గట్టుమీద నిలబడి గుండెలు బాదుకుంటుంది. మళ్లీ ఏడు మళ్లీ పొదుగుతుంది.

ఈ రెండు వాడలకీ మధ్య సరుకు చేరవేసేది ఎద్దు బైరాగి. ఆ బండికి లాగేదీ, తోలేదీ, తిట్లు తినేదీ ఆయనే. తిట్లకి కారణాలు లేకపోలేదు. వాన పడ్డ మర్నాడు బండి కట్టడు. కట్టిన రోజున బయల్దేరేముందు చక్రాలు ఊడదీసి ఇరుసుకి కందెన పూస్తాడు. ఎక్కవలసినవాళ్లు మూటలు పట్టుకుని ఆ పని అయ్యేదాకా నిలబడాలి. గుట్ట దిగే మలుపు దగ్గర అందర్నీ దింపేసి, బండి వెనక పెద్ద దుంగ కట్టుకుని, అది నేలని గీరుకుంటూ వస్తుంటే అడుగులో అడుగు వేసుకుంటూ దిగుతాడు.

"బండెక్కింది నడవడానికా, బైరాగీ?" అని మేకలు ప్రతిసారీ అడుగుతాయి.

"ఎక్కేటప్పుడు బండిని నేను లాగుతా. దిగేటప్పుడు అది నన్ను తోస్తుంది. దుంగ దాన్ని ఆపుతుంది. మీరు దిగితే దుంగకి కాస్త తేలిక" అంటాడు బైరాగి. ఈ జవాబు కూడా ప్రతిసారీ ఇదే.

ఆ ఏడు ఎండలు ముదురుతున్న రోజుల్లో నక్క పరమేశం కొత్త బండి పెట్టాడు. ఎర్ర చక్రాలు, పచ్చ పలకలు, పక్కన పురి విప్పిన నెమలి బొమ్మ. లాగడానికి సింహాద్రి అనే గాడిద. దాని మెడలో, నడుం చుట్టూ, కాళ్లకీ గజ్జెలే. బండి వస్తోందంటే మడుగువాడంతా బయటికొచ్చి చూసేది. బైరాగి బండి వస్తే ఎవరికీ తెలిసేది కాదు. అది చప్పుడు చెయ్యదు.

పేరిందేవి గుడ్ల తట్ట పక్కన పెట్టుకుని బైరాగి కందెన పని ముగిసేదాకా నిలబడిన రోజునే పరమేశం అటు వచ్చాడు.

"అక్కా, గుడ్లా?"

"గుడ్లే."

"బైరాగి కోసమా?"

"ఆ. ఇప్పుడే ఒక చక్రం ఊడదీశాడు. ఇంకోటి ఉంది."

"ఆలస్యం అమృతం విషం అన్నారక్కా. ఆయన రెండోది బిగించేలోపు నీ పిల్లలు గుడ్లలోంచి వచ్చి, పెరిగి, పెళ్లిళ్లు కూడా చేసుకుంటాయి."

పేరిందేవికి నవ్వొచ్చింది. మొదటి తప్పు అదే. నవ్వించినవాడి మీద అనుమానం పడటం కష్టం.

"నీ బండి తోలేదెవరు?"

"మన కొండలు. కోతుల్లో వాడంతటి ధైర్యస్థుడు లేడు. భయమంటే ఏమిటో తెలీదు వాడికి."

భయం తెలియనివాడు బండి తోలడానికి పనికొస్తాడా అని అడగాలని పేరిందేవికి అప్పుడు తోచలేదు. తర్వాత చాలాసార్లు తోచింది.

"మలుపు దగ్గర దిగి నడవాలా?"

"దిగడమా! నువ్వు మహారాణిలా కూర్చో అక్కా. బండివాడు నిన్ను దింపాడంటే వాడికి తోలడం రాదనేగా అర్థం?"

ఈ మాట ఆమెకి సబబుగానే వినబడింది. చక్రం ఊడదీస్తున్న బైరాగి కూడా విన్నాడు. చేతిలో పని ఉన్నప్పుడు మాట్లాడడు.

"మరి పగిలితే?" అంది పేరిందేవి.

"పగిలింది బండివాడికి, మిగిలింది సరుకువాళ్లకి. పాత మాటేగా. నేను కొత్తగా పెట్టిందేమీ లేదు."

నిజమే, పాత మాటే. బైరాగి తాతల కాలంలో దారిలో బస్తా చిరిగి గింజలు రాలితే, అవి ఏరుకోవడం ఎందుకని, లాగినవాణ్నే తినమనేవారు. మర్యాద కోసం పెట్టుకున్న మాట. ఎద్దులు గుడ్లు తినవు కాబట్టి అందులో ఉన్న ప్రమాదం ఎవరికీ కనబడలేదు.

పేరిందేవి తట్ట ఎత్తుకుని ఎర్ర చక్రాల బండి ఎక్కింది.

గుట్ట ఎక్కినంతసేపూ ప్రయాణం బాగానే సాగింది. గజ్జెలు ఘల్లుమంటుంటే దారిలో ఉడతలు కూడా ఆగి చూశాయి. కొండలు నొగ మీద నిలబడి, వెనక్కి తిరిగి పేరిందేవి వైపు చూస్తూ, పాట పాడుతూ తోలాడు. పాటకి చప్పట్లు కావలసి వచ్చినప్పుడు పగ్గాలు వదిలేసి రెండు చేతులూ వాడాడు. గుట్ట మీదికి చేరాక పరమేశం, "ముందు వెళ్లి దారి చూసొస్తా అక్కా" అని అడ్డదారిన దిగిపోయాడు. ఎంత శ్రద్ధగలవాడో అనుకుంది పేరిందేవి.

మలుపులో ఎడమ చక్రం బండికంటే ముందు వెళ్లిపోయింది.

కొండలు ఆపలేదు, ఆపాలని చూడలేదు. దారి మీదికి వంగిన మద్దిచెట్టు కొమ్మ అందుకుని పైకి వెళ్లిపోయాడు. పాట మాత్రం పూర్తిచేశాడు. బండి నెమలి బొమ్మ వైపుకి ఒరిగి, జారి, దొర్లి, గుట్ట అడుగున వాగు ఒడ్డున ఆగింది. సింహాద్రి పగ్గం తెంపుకుని బతికాడు. పేరిందేవి తుప్పల్లో పడి బతికింది. తట్ట నేరుగా కిందికి పోయింది.

కింద పరమేశం మోదుగాకుల దొప్ప పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అయ్యో అక్కా! అయ్యయ్యో!" అన్నాడు. అంటూనే వంగాడు. అంటూనే దొప్ప పట్టాడు. రొట్టె విరిగి నేతిలో పడటం అందరూ విన్నదే. గుడ్డు పగిలి దొప్పలో పడటం పేరిందేవి అప్పుడు చూసింది.

ఆమె ఏడవలేదు. బాతులు ఏడిస్తే నీళ్లలో ఏడవాలి, అక్కడైతే కనబడదు. కుంటుకుంటూ వెళ్లి వాగులో దిగింది. ఈకలకి పట్టిన మట్టి కడుక్కుంటుంటే ఒక విషయం బుర్రలో తిరగడం మొదలెట్టింది. మోదుగచెట్లు గుట్టకి ఈ మెట్టవాడ వైపు లేవు. ఆకులు కోసి, పుల్లలు గుచ్చి దొప్ప కుట్టడానికి సమయం పడుతుంది. అది బండి పడ్డాక కుట్టిన దొప్ప కాదు.

కాస్త ఎగువన సింహాద్రి నీళ్లు తాగుతున్నాడు. గజ్జెలు సగం తెగి వేలాడుతున్నాయి.

"దెబ్బలు తగిలాయా సింహాద్రీ?"

"నాకు కొత్తేం కాదమ్మా."

"అంటే ఇదివరకు కూడా పడిందా?"

"పావురం గుడ్లప్పుడు పడింది. కంజుపిట్ట గుడ్లప్పుడు పడింది. తేనె కుండలప్పుడు పడింది." సింహాద్రి ఇంకో గుక్క తాగాడు. "ఉప్పు బస్తాలు వేసినప్పుడు మాత్రం ఎప్పుడూ పడలేదు."

పేరిందేవి మట్టి కడుక్కోవడం ఆపింది.

"ఎందుకని?"

"ఉప్పు వేసిన రోజున ఇనప కడశీల పెడతాడమ్మా." కడశీల అంటే ఇరుసు కొసన దిగ్గొట్టే మేకు. అది లేకపోతే చక్రం ఎప్పుడు కావాలంటే అప్పుడు బండిని వదిలిపోవచ్చు. "గుడ్లకైతే జొన్నదంటు ముక్క పెడతాడు. పైన నల్లరంగు పూస్తాడు."

"కొండలుకి తెలుసా?"

"వాడికేం తెలుసు? తోలడం వచ్చినవాడైతే ఎక్కేముందు చక్రం చూస్తాడు. అందుకే తోలడం రానివాణ్ని వెతికి పెట్టుకున్నాడు."

"మరి ఈ గజ్జెలు? నీకు ముచ్చటగా కట్టాడనుకున్నాను."

"నా కోసం కాదమ్మా, ఇరుసు కోసం. ఇవి లేకపోతే దాని ఏడుపు రెండు వాడలకీ వినిపిస్తుంది. కందెన మొహం చూసిన ఇరుసు కాదది."

"ఇన్ని తెలిసి ముందే చెప్పలేదేం?"

"ఎవరూ అడగలేదమ్మా" అన్నాడు సింహాద్రి. "బండి బాగుందా అని నక్కని అడుగుతారు. పాట బాగుందని కోతికి చెబుతారు. గాడిదని ఎవరడుగుతారు?"

పైన పటారం, లోన లొటారం. సామెత ఆమెకి చిన్నప్పట్నుంచీ తెలుసు. సామెత తెలిసినంత మాత్రాన అది తన గురించేనని తెలియాలని లేదు.

నరసమ్మ గూడు సర్దుకుని సిద్ధంగా ఉంది.

"రా వదినా, తట్ట ఏది?"

"వాగు ఒడ్డున ఉంది. ఖాళీగా."

నరసమ్మ సర్దిన గడ్డినే మళ్లీ సర్దింది.

"సరే" అంది. "ఒళ్లు వేడెక్కి ఉంది, ఇంకో వారం ఇలాగే కూర్చుంటా. ఆ తర్వాత చల్లారిపోతుంది. చల్లారాక నువ్వు వజ్రాలు తెచ్చినా పొదగలేను. ఇంకో విడత పెడతావా?"

"పెడతాను. ఈ ఏటికి అదే ఆఖరు."

"అయితే ఈసారి గుడ్లు తే వదినా. కబుర్లు వద్దు."

మడుగువాడకి తిరిగొచ్చాక పేరిందేవి జరిగింది చెప్పింది. ఎవరూ నమ్మలేదు అనడం అన్యాయం. నమ్మారు, కానీ పగిలింది బండివాడికి అన్నది తాతలనాటి మాట కదా, తాతలు ఊరికే అంటారా అన్నారు. పరమేశం పరామర్శకి వచ్చి వాడంతా తిరిగాడు.

"పాపం, ఎంత బాధపడ్డాడో" అంది ముసలి మేక. "మూతి కూడా తుడుచుకోలేదు."

పేరిందేవి దగ్గరికొచ్చి, "కడుపు తరుక్కుపోయిందక్కా" అన్నాడు పరమేశం.

"నిండినట్టు కనబడుతోంది" అంది పేరిందేవి.

"దుఃఖంతో ఉబ్బిందక్కా. రెండో విడతకి ఏ లోటూ రానివ్వను. చక్రాలకి మళ్లీ రంగు వేయిస్తున్నా."

రెండో విడత గుడ్లు పూర్తయిన సాయంత్రం పేరిందేవి బైరాగి దగ్గరికి వెళ్లింది. ఆ దారి అంత పొడుగని ఆమెకి అంతకుముందు తెలియదు. ఏమంటాడోనని గుమ్మం దగ్గరే ఆగింది. బైరాగి నెమరు ఆపి ఒకసారి చూశాడు.

"తట్టలో గడ్డి ఇంకాస్త మందంగా వెయ్యమ్మా. రేపు పొద్దున్న వెళ్దాం. వాన పడకపోతే."

అంతే అన్నాడు. ఎత్తిపొడిచి ఉంటే ఆమెకి కాస్త తేలిగ్గా ఉండేది.

"బైరాగన్నా, నా గుడ్లు నీ బండిలో చేరతాయి, సరే. రేపు ఇంకెవరో వాడి బండి ఎక్కుతారు కదా?"

"నా బండి సంగతి నాకు తెలుసమ్మా. వాడి సంగతి వాడి బండే చూసుకోవాలి."

ఈ మాటలు జరుగుతుండగానే కందిరీగల పెద్దది పోలమ్మ వచ్చి కాడి మీద వాలింది. మడుగు ఒడ్డున తాటిమోడు తొర్రలో వాళ్ల కాపురం. వానాకాలం వస్తే తొర్రలోకి నీళ్లొస్తాయి. మెట్టవాడలో చోటు చూసుకున్నారు. పిల్లాజెల్లాతో పాత కుండలోకి సర్దుకున్నారు. బండి కావాలి.

"నేను రాలేనమ్మా పోలమ్మా" అన్నాడు బైరాగి. "మీలో ఒక్కరు పొరపాటున నన్ను కుట్టినా నేను పరిగెడతా. నేను పరిగెడితే బండి పోతుంది, ఈమె గుడ్లు పోతాయి. నా వల్ల కానిది అవుతుందని చెప్పను."

పేరిందేవి పోలమ్మ వైపు చూసింది.

"పరమేశం బండి ఉంది. కాకపోతే ఆ బండి పడుతుంది."

"ఎప్పుడూ పడుతుందా?"

"ఉప్పు వేస్తే పడదు. లోపల తినేదేదో ఉందనుకుంటే పడుతుంది. కడశీల పెట్టి, దుంగ కట్టి, చూసి తోలితే పడదు. నేను వాడికి ఇవన్నీ చెప్పి మరీ ఇస్తా. విన్నాడా, మీరు సుఖంగా చేరతారు."

"వినకపోతే?"

"మీ కుండ పగులుతుంది."

పోలమ్మ కాసేపు రెక్కలు సవరించుకుంది. "పడితే మాకేంటి, మాకు రెక్కలున్నాయి" అంది. "పడేసినవాడికే ఏమీ లేవు."

పొద్దున్నే బైరాగి గడ్డి బండి కట్టాడు. గడ్డి మధ్యలో తట్ట ఉంది. అటుపక్క రచ్చ దగ్గర, వాడంతా చూస్తుండగా, పేరిందేవి గుడ్డతో మూతి కట్టిన కుండని పరమేశానికి అప్పగించింది.

"తట్ట మానేసి కుండలో పెట్టావేం అక్కా?"

"తట్ట నలిగిపోయిందిగా."

"లోపల ఏముంది?" కళ్లు అప్పటికే మెరుస్తున్నాయి.

"కుదపకూడనిది. ఇదిగో పరమేశం, అందరి ముందూ చెబుతున్నా. కడశీల చూసుకో. మలుపులో వెనక దుంగ కట్టించు. కొండల్ని పాట మాని దారి చూడమను. ఈ మూడూ చేస్తే కుండకి ఏమీ కాదు."

"నాకు చెప్పాలా అక్కా!"

"చెప్పాను. మరి పగిలితే ఎవరిది?"

"పగిలింది బండివాడికి."

"లోపల ఉన్నదంతా?"

"ఉన్నదంతా బండివాడికే! పాత మాట!" ఒకసారి చెబితే చాలు, పరమేశం మూడుసార్లు చెప్పాడు. వాడ తలూపింది. కుండలోంచి సన్నగా ఏదో హోరు వినబడింది గానీ, సింహాద్రి గజ్జెల మోతలో ఎవరూ పట్టించుకోలేదు. గజ్జెలు కట్టినవాడే అది వినలేకపోయాడు.

"నువ్వు బండెక్కవా అక్కా?"

"నడిచొస్తాలే. పోయినసారి ఎక్కి కూడా నడిచే వెళ్లాను."

పోతూ పోతూ సింహాద్రి చెవి దగ్గర ఒక మాట చెప్పింది. "ఈసారి పగ్గం తెగాక ఆగకు. నీళ్లు ఇంకోచోట తాగు." సింహాద్రి తల ఊపాడు. తనకి ముందుగా ఒక మాట చెప్పినవాళ్లు అంతకుముందు లేరు.

కొండలు నిద్ర లేచి వచ్చేలోపు బైరాగి బండి గుట్ట ఎక్కేసింది. బైరాగి గుట్ట దిగడం చూస్తే ఎవరికైనా నిద్రొస్తుంది. పేరిందేవికి రాలేదు. మలుపు దగ్గర దిగిపోయి పక్కనే నడిచింది. దుంగ నేలని గీరుతోంది. బైరాగి ఒక కాలు పెట్టి, అది నిలిచాకే రెండోది ఎత్తుతున్నాడు. ఒకచోట గిట్ట కింద రాయి జారింది. బండి బరువంతా ఆయన మెడ మీదికి వచ్చింది. మెడ నరాలు తేలాయి. బైరాగి ఆగాడు. దుంగ పట్టింది. బండి ఆగింది. పేరిందేవి ఊపిరి కూడా ఆగింది. తట్ట మీద గడ్డిపరక మాత్రం కదల్లేదు.

"పోదామా?" అన్నాడు బైరాగి, కాసేపటికి.

కింద వాగు దాటగానే ఆమె అంది, "తట్ట నరసమ్మకి నువ్వే అందించు అన్నా. నాకు ఇక్కడ కాస్త పనుంది."

తట్ట మెట్టవాడ దారిలో కనుమరుగయ్యేదాకా చూసి, వాగులో దిగి కూర్చుంది. ఎందుకైనా మంచిదని మధ్యలోకి ఈదుకెళ్లింది. మేతకొచ్చిన మేకలు నాలుగు ఒడ్డున ఆకులు నములుతున్నాయి.

కాసేపటికి పరమేశం అడ్డదారిన దిగొచ్చాడు. ఈసారి రెండు దొప్పలున్నాయి.

"అరె, అప్పుడే వచ్చేశావా అక్కా?"

"వచ్చాను."

"బండి వస్తోంది."

"వినిపిస్తోంది."

గజ్జెలు వినిపించాయి. పాట వినిపించింది. పాట చరణంలోకి వచ్చేసరికి ఎడమ చక్రం ఒంటరిగా కిందికొచ్చి, పరమేశాన్ని దాటి, వాగులో పడింది. వెనకే మద్దికొమ్మ ఊగిన చప్పుడు. సింహాద్రి పగ్గం తెంపుకుని, గజ్జెలు రాల్చుకుంటూ, ఆగకుండా మెట్టవాడ దారి పట్టాడు. ఆఖరున కుండ వచ్చింది. దొర్లుతూ దొర్లుతూ వచ్చి, పరమేశం కాళ్ల దగ్గర, చాచిన దొప్పల ముందు, పగిలింది.

"అయ్యో అక్కా" అని మొదలెట్టాడు పరమేశం. అలవాటు.

పోలమ్మ ముందుగా బయటికొచ్చింది. తర్వాత మిగతా బంధువర్గం.

పరమేశం ఎంత వేగంగా పరిగెత్తగలడో మేకలకి ఆ రోజే తెలిసింది. తన బండి కంటే వేగం. వాగులోకి దూకి, మునిగి, ముక్కు ఒక్కటే పైకి పెట్టాడు. కందిరీగలకి ముక్కు చాలు. చెట్టు మీద కొండలుకి సుఖం దక్కలేదు. కందిరీగలకి చెట్లు కొత్త కాదు. పాట ఈసారి పూర్తవలేదు.

పేరిందేవి నెమ్మదిగా ఈదుకుంటూ ముక్కు పక్కకి వచ్చింది.

"పరమేశం, నీ సరుకు నిన్ను వెతుక్కుంటోంది."

"అక్కా, వెన... వెనక్కి పిలువు వాటిని!"

"నేనెలా పిలుస్తాను? పగిలింది బండివాడికి. లోపల ఉన్నదంతా. నువ్వే మూడుసార్లు చెప్పావు."

"నాది కాదు!"

"అదేమిటి, పాత మాట కదా?"

"ఆ మాటని తగలెయ్యి! పగిలింది నాది కాదు! ఎప్పుడూ నాది కాదు!"

"పగిలితే బండివాడికేమీ రాదా?"

"రాదు, రాదు, ఏమీ రాదు!"

"బదులు ఎవరు చెప్పాలి?"

"బండివాడే! బండివాడే చెప్పాలి! అక్కా, ముక్కు..."

పేరిందేవి ఒడ్డు వైపు తిరిగింది. "విన్నారా?" అంది. మేకలు నమలడం ఆపి తలూపాయి. మేకలు విన్నాయంటే మాట చీకటిపడేలోపు రెండు వాడల్లోనూ తిరిగొస్తుంది. తాతలనాటి మాటని తీసెయ్యమని పేరిందేవి అడిగితే ఎవరూ ఒప్పుకునేవారు కాదు. నక్క స్వయంగా వద్దని మొత్తుకుంటే ఎవరికి అభ్యంతరం?

"ఇక చాలు పోలమ్మా" అంది అప్పుడు.

"చాలు" అంది పోలమ్మ. "మిగతా దారి ఎగిరి వెళ్తాం. దూరం తక్కువే." నిజానికి మొత్తం దూరమూ ఎగరగలిగేవారే. పిల్లలతో కాబట్టి బండి అడిగారు. ఆ పిల్లల్ని ఒక్కొక్కర్నీ పట్టుకుని, పగిలిన కుండ దగ్గర్నుంచి మోసుకుపోయారు.

పరమేశం ముఖం వాపు తగ్గేదాకా అతన్ని ఎవరూ పరమేశమని గుర్తుపట్టలేదు. తగ్గాక గుర్తుపట్టారు, అదే అతనికి ఎక్కువ ఇబ్బంది అయింది. బండి పెట్టినవాడు బదులు చెప్పాలన్న కొత్త మాట వచ్చాక పావురాలూ, కంజులూ, తేనెటీగలూ వరసగా వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాయి. పరమేశం బండి మానుకుని వేరే అడవికి పోయాడు. నెమలి బొమ్మ పలక వాగు ఒడ్డున చాలాకాలం పడి ఉంది. కప్పలు దాని మీద ఎండకి కూర్చునేవి. సింహాద్రి బైరాగి దగ్గర చేరాడు. ఎక్కుడులో ముందు లాగుతాడు, దిగుడులో వెనక దుంగ పట్టుకుంటాడు. గజ్జెలు లేవు. బైరాగి అతన్ని రోజూ దారి గురించి అడుగుతాడు.

నరసమ్మ ఒళ్లు చల్లారకముందే గుడ్లు రెక్కల కిందికి చేరాయి. నెల తిరిగేసరికి పిల్లలొచ్చాయి. వచ్చిన మర్నాడే నీళ్లలో దిగాయి. నరసమ్మ గట్టుమీద గుండెలు బాదుకుంది.

"మునిగిపోతాయి వదినా!"

"మునగవు."

"నీకేం, నువ్వలాగే అంటావు!"

పిల్లలు కాస్త పెద్దయ్యాక పేరిందేవి వాటికి ఒక్కటే నీతి చెప్పింది: పగిలితే లాభపడేవాడి చేతికి గుడ్డు ఇవ్వకండి.

తనకోసం మాత్రం ఇంకోటి పెట్టుకుంది. వాగులో పరమేశం ముక్కు పక్కన ఈదుతూ అనుకున్న మాట అది. ఎవరి బండైనా సరే, చక్రం చూడకుండా తట్ట ఎక్కించకూడదు. మళ్లీ ఏడు గుడ్లు తెచ్చినప్పుడు బైరాగి బండి దగ్గర తట్ట కింద పెట్టి, మెడ సాచి, ఇరుసు కొసని చూసింది. ముక్కుతో రెండుసార్లు పొడిచి, ఇనుమో కాదో విని, అవతలి చక్రం దగ్గరికి నడిచింది.

బైరాగికి కాస్త మనసు నొచ్చుకుంది.

"నా మీద కూడా నమ్మకం లేదా అమ్మా?"

"నీ మీద నమ్మకం ఉందన్నా. శీల ఉందో లేదో చూస్తున్నా."

బైరాగి ఆలోచించాడు. ఎంతసేపు ఆలోచించాలో అంతసేపూ ఆలోచించి, ఆమెకి బాగా కనబడేట్టు కాలు పక్కకి జరిపాడు. శీల ఉంది. పేరిందేవి తట్ట ఎక్కించింది.

ఆ తర్వాత ఆమె పెట్టిన ప్రతి విడతకీ అలాగే చూసింది. శీల ప్రతిసారీ ఉంది. చూడటం మాత్రం మానలేదు.